వేడెక్కిన కడ్డీ నుంచి మొదలుపెట్టాలి

సంపాదకులకు నమస్కారం.

ఎమ్మెస్సీ ఫిజిక్స్ మొదటి సెమిస్టర్ విద్యార్థులకు గణిత భౌతికశాస్త్రం పేపర్‌ను చాలా ఏళ్లు బోధించిన అనుభవంతో ఈ లేఖ రాస్తున్నాను. లెజాండర్ బహుపదులనే ప్రత్యేక ప్రమేయాల ఆర్థోగొనాలిటీని (వాటిలో వేర్వేరు రెండింటి లబ్ధాన్ని సమాకలనం చేస్తే సున్నా వస్తుందన్న ధర్మాన్ని) తడుముకోకుండా నిరూపించే విద్యార్థి, అవే బహుపదులు తర్వాత హైడ్రోజన్ పరమాణువు పాఠంలో ఎదురైతే గుర్తుపట్టలేకపోవడం పలుమార్లు చూశాను. తప్పు పిల్లలది కాదు. విద్యుత్ పొటెన్షియల్ వంటివాటిని లెక్కించడానికి వాడే లాప్లాస్ సమీకరణాన్ని గోళాకార నిరూపకాల్లో చరరాశుల వారీగా విడదీసినప్పుడు, కోణానికి సంబంధించిన భాగం నుంచే లెజాండర్ సమీకరణం పుడుతుందన్న సంగతి చెప్పకుండా, నేరుగా ఘాతశ్రేణి సాధనతో (జవాబును x ఘాతాల మొత్తంగా రాసే పద్ధతితో) పాఠం మొదలుపెడుతున్నాం.

ఫ్రెంచ్ గణిత శాస్త్రవేత్త ఫూరియే 1807లో పారిస్ విద్వత్సంస్థకు సమర్పించిన పత్రం ఉష్ణవహనం గురించినది. సైన్, కొసైన్ శ్రేణులు ఆ లెక్క తేల్చడానికి ఆయన వాడిన పనిముట్లు. మన నోట్సుల్లో మాత్రం ఆ శ్రేణుల గుణకాల సూత్రాలు ముందు వచ్చి, వేడెక్కిన కడ్డీలో వేడి ఎలా పాకుతుందన్న సమస్య చివరి పేజీకి జరిగిపోతుంది, సమయం చాలకపోతే అదీ ఉండదు.

ప్రతి అధ్యాయం ఒక భౌతిక సమస్యతో ప్రారంభమయ్యేలా, పరీక్షలో కనీసం సగం మార్కులు నిరూపణలకు కాక వినియోగానికి దక్కేలా విశ్వవిద్యాలయాల పాఠ్య ప్రణాళికా సంఘాలు మార్పులు చేయాలని కోరుతున్నాను.

– ఒక విశ్రాంత అధ్యాపకుడు