టికెట్టు అడిగితే నవ్వెందుకు?

సంపాదకులకు,

అమెరికాలో అధ్యక్ష పదవికి పార్టీ టికెట్టు అడిగిన వ్యాపారులను వెక్కిరిస్తూ మీ పాఠకుడొకాయన రాసిన ఉత్తరం చదివాను. 'కొట్టు చూసుకోక ఈ పిచ్చేమిటి' అట. బరంపురంలో ముప్పై ఏళ్లుగా అప్పడాలు, వడియాలు అమ్ముకుంటున్న నాకు ఆ మాట గుచ్చుకుంది.

ఆయన నవ్వింది డగ్ బర్గమ్ గురించి. సాఫ్ట్‌వేర్ కంపెనీ నడిపి, 2001లో మైక్రోసాఫ్ట్‌కు అమ్మి, ఆనక నార్త్ డకోటా గవర్నరైన మనిషి. 2023లో రిపబ్లికన్ పార్టీ టికెట్టు అడిగేవాళ్ల మొదటి చర్చకు రావాలంటే చందా ఇచ్చినవాళ్లు 40,000 మంది ఉండాలని షరతు పెట్టారు. ఒక డాలరు చందా ఇచ్చినవాళ్లకు ఈయన 20 డాలర్ల గిఫ్ట్ కార్డు ఎదురిచ్చాడు. నాకైతే నవ్వు రాలేదు. మిరియాల అప్పడం కొత్తగా వేసినప్పుడు నేనూ వీధంతా ఊరికే పంచాను. ముందు జనం గుమ్మమెక్కాలి కదా! బర్గమ్ వేదికెక్కాడు, డిసెంబరులో తప్పుకున్నాడు.

మందుల కంపెనీ పెట్టిన వివేక్ రామస్వామి ఓట్ల దాకా వెళ్లాడు. 2024 జనవరి 15న, ఎముకలు కొరికే చలిలో, అయోవా రాష్ట్రంలో పార్టీవాళ్లు ఊరూరా కూడి టికెట్టు ఎవరికివ్వాలో చీటీలు వేస్తే 7.7 శాతం వచ్చాయి. నాలుగో స్థానం. ఆ రాత్రే విరమించాడు. కాదన్నది ఓటేసిన జనం.

మరి నన్ను కాదన్నదెవరు? కార్పొరేటర్ టికెట్టుకని ఒక పార్టీ ఆఫీసుకు వెళ్లాను. ఒడియాలో రాయించిన బయోడేటా, రెండు కట్టల అప్పడాలు పట్టుకుని పొద్దున్నించి బల్ల మీద కూర్చున్నాను. ఇంతలో వాన. మేడ మీద పంచె పరిచి పెట్టిన గుమ్మడి వడియాలు గుర్తొచ్చాయి. లేస్తే వరస పోతుందని లేవలేదు. వడియాలన్నీ ముద్దయిపోయాయి. లోపల అడిగింది ఒకటే: "ఎంత పెట్టగలవు?" జాబితాలో వేరే పేరు వచ్చింది. ఆ నాయకుడి డ్రైవరు బజార్లో కనబడి, "అప్పడాలు బాగున్నాయి బాబాయ్" అన్నాడు.

మా ఊళ్లో పుట్టిన వి.వి. గిరి గారు 1969లో కాంగ్రెస్ బోర్డు నిలబెట్టిన నీలం సంజీవరెడ్డి గారి మీద స్వతంత్రుడిగా నిలిచి రాష్ట్రపతి అయ్యారని మావాళ్లు నన్ను ఊరడించారు. ఆయన వెనక ఇందిరాగాంధీ ఉంది. నా వెనక మా ఆవిడ ఉంది, ఆవిడకు వడియాల కోపం ఇంకా పోలేదు.

సభ్యత్వ రసీదులున్న మా వార్డువాళ్లను ఓ సాయంత్రం బడిలో కూర్చోబెట్టి చీటీలు వేయిస్తే ఏం పోయింది? ఏడే వచ్చినా సరే, ఇంటికొచ్చి పిండి కలుపుకునేవాణ్ణి.

– ఒక అప్పడాల వ్యాపారి, బరంపురం (గంజాం జిల్లా)