'జేవాకింగ్' అని రాయకండి

సంపాదకులకు నమస్కారం.

రోడ్డు ప్రమాదాల వార్తల్లో ఈమధ్య 'జేవాకింగ్' అనే మాట తరచూ కనిపిస్తోంది. సిగ్నల్, జీబ్రా గీతలు చూసుకోకుండా ఎక్కడపడితే అక్కడ రోడ్డు దాటడాన్ని అలా అంటున్నారు. చూసినప్పుడల్లా మనసు చివుక్కుమంటోంది. ముప్పై ఏళ్లు పిల్లలకు ఇంగ్లీషు చెప్పినదాన్ని. ఆ మాట పుట్టుక తెలిస్తే, చనిపోయిన మనిషి గురించి రాసేటప్పుడు దాన్ని వాడటానికి ఎవరికీ చెయ్యి రాదు.

'జె' అక్షరంలా వంకరగా నడవడమని చాలామంది అనుకుంటారు. కాదు. జే అనేది గోలగా అరిచే ఒక పక్షి. అమెరికా వాడుకలో ఆ పక్షి పేరే తిట్టయింది. పట్నం పోకడ తెలియని వాడని అర్థం. మన భాషలో చెప్పాలంటే పల్లెటూరి బైతు. జేవాకర్ అంటే బైతులా నడిచేవాడు. అసలు 1905 నాటికే అక్కడి కాన్సస్ రాష్ట్ర పత్రికల్లో 'జే డ్రైవర్' అనే మాట ఉంది. రోడ్డుకు తప్పు వైపున బండి తోలేవాడన్నమాట. తిట్టు ముందు బండివాడిది. తర్వాత దాన్ని నడిచేవాళ్లకు అంటగట్టారు.

అది ఊరికే జరగలేదు. కార్ల కింద పడి పిల్లలు చనిపోతుంటే 1920ల్లో అక్కడి జనం మండిపడ్డారు. కార్లు గంటకు 25 మైళ్లు దాటకుండా యంత్రం బిగించాలని 1923లో సిన్సినాటి నగరంలో 42 వేల మంది సంతకాలు పెట్టారు. కార్ల వ్యాపారులు, ఆటోమొబైల్ క్లబ్బులు కలిసి ఆ ప్రతిపాదనను ఓడించారు. తప్పు నడిచేవాడిదేనని ఊరూరా ప్రచారం చేశారు. ఆ ప్రచారానికి అక్కరకొచ్చిన మాట ఇది. ఇప్పుడు అమెరికావాళ్లే వెనక్కి తగ్గుతున్నారు. ప్రమాదం లేకుండా రోడ్డు దాటేవాళ్లకు ఫైన్ వేయడం కాలిఫోర్నియా రాష్ట్రం 2023 నుంచి మానేసింది. న్యూయార్క్ నగరం 2024లో జేవాకింగ్‌ను నేరాల జాబితా నుంచే తీసేసింది.

మా ఇంటి దగ్గర కూడలిలో నడిచేవాళ్లకు సిగ్నల్ లేదు. ఫుట్‌పాత్ మీద ట్రాన్స్‌ఫార్మర్, దాన్ని ఆనుకుని బైకులు. 78 ఏళ్ల మా అత్తయ్య ఒక చేత్తో కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని, రెండో చెయ్యి బళ్ల వైపు చాపి దాటుతుంది. డివైడర్ దగ్గర ఆగి ఊపిరి పీల్చుకుని మళ్లీ చెయ్యి చాపుతుంది. ఫుట్ ఓవర్ బ్రిడ్జి చాలా దూరం, దాని లిఫ్ట్ పనిచేయదు. పాలప్యాకెట్ కోసం ఆవిడ ఇంకెలా దాటాలి?

2022లో మన దేశంలో రోడ్ల మీద 32,825 మంది పాదచారులు చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. వాళ్లందరూ బైతులేనా? 'రోడ్డు దాటుతుండగా కారు ఢీకొని' అని రాస్తే సరిపోతుంది. అక్కడ జీబ్రా గీతలు ఉన్నాయో లేదో, బండి ఎంత వేగంతో వచ్చిందో కూడా మీ విలేకరుల చేత ఒక వాక్యం రాయించండి.

ఒక రిటైర్డ్ టీచర్, హైదరాబాద్