వార్షిక నివేదిక 2024–25: మన భోగి నాటిక

సభ్యులందరికీ నమస్కారం.

2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి దాకా మన కాలనీ సంఘం చేసిన పనుల నివేదిక ఇది. రోజువారీ పనులు ముందుగా చెప్పేస్తాను. వానలకు ముందే కాలువల్లో పూడిక తీయించాం. పార్కు వైపు వెలగని వీధిదీపాలు మార్పించాం. వినాయక చవితికి మట్టి విగ్రహమే పెట్టాం. రక్తదాన శిబిరం ఒకటి నడిపాం. లెక్కలు ఆడిటర్ గారు చూసి సంతకం పెట్టారు. ఆ కాగితం నోటీసు బోర్డులో ఉంది, ఏ పద్దు గురించైనా సర్వసభ్య సమావేశంలో అడగండి. మిగతా నివేదికంతా నాటిక గురించే. ఈ ఏడాది మనం చేసినవాటిలో పెద్ద పని అదేనని నా నమ్మకం.

ఏటా సంక్రాంతికి మన పందిట్లో పిల్లల డాన్సులు, ముగ్గుల పోటీ, చంటిపిల్లలకు భోగిపళ్ళు పోయడం ఉంటాయి. ఈసారి మనమే ఒక నాటిక రాసుకుని వేద్దామన్న మాట ఆగస్టు 29న వచ్చింది. ఆ రోజు గిడుగు రామమూర్తి గారి జయంతి, తెలుగు భాషా దినోత్సవం. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టి, జనం మాట్లాడే తెలుగే పుస్తకాల్లోకి రావాలని పోరాడిన మనిషి ఆయన. హాల్లో చిన్న సభ చేసుకుని టీ తాగుతుంటే, ఆయన గురించి ఉపన్యాసం చెప్పుకోవడం కంటే ఆయన చెప్పింది చేద్దామని ఒకరన్నారు. అప్పటికప్పుడు ఏడుగురం పేర్లిచ్చాం.

మొదటి ప్రతి నెల రోజుల్లో పూర్తయింది. అందులో హరిదాసు వచ్చాడు, గంగిరెద్దులవాడు వచ్చాడు, కొత్త అల్లుడు వచ్చాడు. తాతగారు ఉత్తరాయణం గురించి ఒక పేజీ మాట్లాడాడు. చదివి వినిపిస్తే సగంలోనే పిల్లలు లేచి ఆటకి వెళ్ళిపోయారు. రాసినదాంట్లో తప్పు మాట ఒక్కటీ లేదు. కానీ అందులో ఎవరికీ ఏదీ కావాలని లేదు, ఎవరూ ఎవరికీ అడ్డు రాలేదు. పండగ గొప్పతనం చెప్పాలని కూర్చున్నాం కాబట్టి వ్యాసం తయారైంది.

దాన్ని పక్కన పెట్టి, వచ్చిన ప్రతివాళ్ళనీ ఒకటే ప్రశ్న అడగడం మొదలుపెట్టాం: భోగి మంటలో మీ ఇంట్లో ఏం వేస్తారు? పిడకల దండలన్నారు, కాలు విరిగిన కుర్చీ అన్నారు. మూడో వీధిలో ఉండే ఒక పెద్దావిడ మాత్రం ఇలా అంది: "మాయింట్లో ఓ చెక్కుంది బాబూ. ఏటేటా భోగికి దాన్ని మంటల్లో ఏసెత్తామంతారు పిల్లలు. నానియ్యను."

మర్నాడు వెళ్ళి చూశాం. మంచం కింద గోనెసంచిలో చుట్టి ఉంది. పాత ఇంటి గడప. ఒక కొస చెదలు తినేసింది. నడుమ భాగం అడుగులు పడి పడి పళ్ళెంలా అరిగి ఉంది. అంచుల్లో చెక్క చారల మధ్య పాత పసుపు గట్టిపడి, గోరుతో గీకినా రాలేదు.

ఇక్కడ కొత్తగా అద్దెకొచ్చిన సభ్యుల కోసం ఒక మాట. గాజువాక, పెదగంట్యాడ, వడ్లపూడి, అగనంపూడి వైపు ఎన్నో కాలనీలు నిర్వాసితులవే. 1966లో 'విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు' అని రాష్ట్రమంతా ఉద్యమించింది, అందులో ప్రాణాలు పోయాయి. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ విశాఖ ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన చేశారు. ఆ ప్లాంటుకి చోటివ్వడానికి ఈ చుట్టుపక్కల ఎన్నో ఊళ్ళు లేచిపోయాయి. అలా ఊరు పోయిన కుటుంబాలకిచ్చిన ఆర్ కార్డు, అంటే నిర్వాసితుల గుర్తింపు కార్డు, ఏమిటో మన కాలనీలో పిల్లలకి కూడా తెలుసు. ఆ పెద్దావిడ ఊరు విడిచి వస్తూ దూలాలూ తలుపులూ బండి మీద వేసుకొచ్చింది. అన్నీ వాడకంలో పోయి, చివరికి గడప ఒక్కటి మిగిలింది.

ఇక మాకు కథ వెతుక్కునే అవసరం లేకపోయింది. ఒకే ఇల్లు, ఒకే రాత్రి. భోగి ముందు రోజు రాత్రి నుంచి తెల్లవారుజామున నాలుగున్నర దాకా. మామ్మ, కొడుకు, కోడలు, మనవడు, పక్కింటి కుర్రాడు. వీధిలో అందరి మంట కన్నా మన మంట పెద్దదవ్వాలని మనవడి పట్టుదల, దానికి ఆ చెక్క కావాలి. మామ్మ ఇవ్వదు. కొడుకు ప్లాంటు ఉద్యోగి, సి షిఫ్టుకి, అంటే రాత్రి డ్యూటీకి, బయల్దేరబోతున్నాడు. అతను అమ్మని కాదనలేడు, తనకి అన్నం పెట్టే చోటునీ కాదనలేడు. నాటికకి బలం ఇతని పాత్రే. ఈనాటి ప్లాంటు సమస్యలు కూడా పెడదామని కొందరు అడిగారు. వాటికి వేరే నాటిక కావాలి. ఇందులో ఇరికిస్తే మామ్మ మాట వినపడదు.

మాటలు రాయడం అన్నిటికన్నా కష్టమైంది. మేము మామ్మ చేత "నాయనా, ఈ గడపతో నాకు విడదీయరాని అనుబంధం ఉంది" అనిపించాం. పెద్దావిడకి చదివి వినిపిస్తే, "ఇదెవులి మాట? నానలగ మాటాడతానా?" అంది. ఆ రోజు నుంచి రాసిన ప్రతి పేజీ ఆవిడ అరుగు మీద పైకి చదివాం. ఆవిడ తల అడ్డంగా ఊపిన వాక్యాన్ని కొట్టేశాం. కొడుకు మాట చివరికి ఇలా వచ్చింది: "ఆ ఊరున్న సోటే కదమ్మా నాకు డూటీ. ఆ నేలే కదా మనకి కూడెడతంది." దానికి మామ్మ జవాబు: "కూడెడతాది. కాదన్నానా? మరి నా గడపేటి సేసింది నిన్ను?"

ముగింపు దగ్గర మూడు వారాలు ఆగిపోయాం. మనవడు ఏడ్చి క్షమాపణ అడగాలని ఒక పక్షం, గడప మంటలో పడాలని ఇంకో పక్షం. వాదనలు గట్టిగానే జరిగాయి, ఒకరిద్దరు రెండు ఆదివారాలు రాలేదు కూడా. మళ్ళీ వచ్చినందుకు వాళ్ళకి నా ధన్యవాదాలు. దారి చూపింది పదో తరగతి చదివే మన అమ్మాయి. "గడప ఉన్నది దాటడానికి కదా, ఆవిడ దాన్ని దాటి ఎన్నాళ్ళయింది?" అని అడిగింది.

రిహార్సల్స్ షిఫ్టుల్ని బట్టి పెట్టుకున్నాం. పొద్దుటి డ్యూటీ ఎ షిఫ్టు వాళ్ళుంటే సాయంత్రం, మధ్యాహ్నం డ్యూటీ బి షిఫ్టు వాళ్ళుంటే పొద్దున్న. మంట కోసం టేబుల్ ఫ్యానుకి నారింజ రంగు గుడ్డపీలికలు కట్టి, కింద ఎర్ర కాగితం చుట్టిన బల్బు పెట్టాం. ప్రదర్శనకి రెండు రోజుల ముందు కొడుకు వేషం వేసే సభ్యుడికి డ్యూటీ మారింది. బదులు మనిషికి రాత్రంతా కూర్చుని మాటలు నేర్పాం. అంత టెన్షన్ మన సంఘంలో నేనెప్పుడూ పడలేదు.

జనవరి 12, ఆదివారం సాయంత్రం పందిట్లో నాటిక వేశాం. ముప్ఫై అయిదు నిమిషాలు. రిహార్సల్స్‌కి మన వడ్రంగి మేస్త్రి చేసిచ్చిన నకలు చెక్క వాడాం. ప్రదర్శన రోజు పెద్దావిడ అసలు గడపే పంపింది. చివరి దృశ్యంలో మనవడు దాన్ని మోసుకొచ్చి మంట వైపు కాకుండా వేదిక మధ్య నేల మీద పెడతాడు. మామ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి కడుగుతుంది, పసుపు రాస్తుంది, బొట్లు పెడుతుంది. చీర కుచ్చెళ్ళు కాస్త ఎత్తి పట్టుకుని దాన్ని దాటుతుంది. దీపాలు ఆరిపోతాయి. ఆ రెండు నిమిషాలూ ఒక్క మాట కూడా రాయలేదు. పందిట్లో ముందు వరసలో కూర్చున్న పెద్దవాళ్ళు తమ ఊళ్ళ పేర్లు ఒకరికొకరు చెప్పుకోవడం మైకు దగ్గర నిలబడ్డ నాకు వినిపించింది.

మర్నాడు భోగి మంటలో పిడకలూ ఎండుకట్టెలే వేశాం, టైర్లు గానీ ప్లాస్టిక్ గానీ ఎవరూ తేలేదు. గడప ముందు రాత్రే పెద్దావిడ ఇంటికి చేరింది.

నాటిక ప్రతి హాలు బీరువాలో ఉంది. పక్క కాలనీల వాళ్ళు వేసుకుంటామంటే రుసుము అక్కర్లేదు, ఒక మాట చెబితే చాలు. కొత్త నాటికకి వచ్చే ఆగస్టు 29 సాయంత్రం కూర్చుంటున్నాం. అట్లతద్ది మీద రాద్దామని మహిళా సభ్యులు అంటున్నారు. వచ్చేవాళ్ళు మీ ఇంట్లో ఇప్పటికీ పారేయని వస్తువు ఒకటి చేత్తో పట్టుకురండి.

ఇట్లు,
కార్యదర్శి