మన ఫైర్ స్టేషన్‌లో మనవాళ్లే ఫిట్‌నెస్ ట్రైనర్లు

అన్నలకు, తమ్ముళ్లకు నమస్కారం.

మొన్న డ్రిల్‌లో అందరం చూశాం. బీఏ సెట్ (పొగలో ఊపిరి పీల్చుకునే పరికరం) తగిలించుకుని, నీళ్ల హోస్ పైపు భుజాన వేసుకుని మూడో అంతస్తు ఎక్కి దిగిన అన్న హెల్మెట్ తీసి మెట్ల మీదే కూలబడ్డాడు. చేతిలో నీళ్ల సీసా వణుకుతోంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అమెరికాలో డ్యూటీలో చనిపోయే ఫైర్‌ఫైటర్లలో చాలామందిని బలి తీసుకునేది మంట కాదు, గుండెపోటు. అందుకే అక్కడి ఫైర్‌ఫైటర్ల యూనియన్, ఫైర్ చీఫ్‌ల సంఘం 1997లో చేతులు కలిపాయి. స్టేషన్ సిబ్బందికే శిక్షణ ఇచ్చి ‘పీర్ ఫిట్‌నెస్ ట్రైనర్లు’గా, అంటే తోటివాళ్లతో వ్యాయామం చేయించేవాళ్లుగా తయారుచేస్తున్నారు. బయటి కోచ్‌కి బీఏ సెట్ బరువు తెలియదు. అర్ధరాత్రి బెల్లు మోగితే గుండె ఎలా కొట్టుకుంటుందో తెలియదు. పక్క మంచం మీద పడుకునే మనవాడికి తెలుసు. ఇంకో మంచి సంగతి, ఆ కార్యక్రమం ఎవరినీ శిక్షించడానికి కాదు. వైద్య వివరాలు గోప్యంగానే ఉంచాలన్నది వాళ్ల నియమం. మనమూ అలాగే చేద్దాం. ఎవరి బీపీ, షుగర్ రిపోర్టూ ఈ గ్రూప్‌లో పెట్టొద్దు.

వ్యాయామం ఒక్కటే కాదు. పసిబిడ్డను కాపాడలేకపోయిన రాత్రి తర్వాత పక్కన కూర్చుని మాట్లాడే మనిషి కూడా కావాలి.

ఇలాంటి ట్రైనర్లు కావడానికి ఒక్కో షిఫ్ట్ నుంచి ఇద్దరు ముందుకు రండి. ఏప్రిల్ 14న అగ్నిమాపక వారోత్సవాలు మొదలయ్యేలోపు శిక్షణ గురించి ఆఫీసర్ గారితో మాట్లాడదాం. నలభై దాటిన అన్నలు ముందు డాక్టర్‌కి చూపించుకున్నాకే పరుగు మొదలుపెట్టండి. పేర్లు ఆదివారంలోగా నాకు పంపండి.