పాలిచ్చే తల్లికి మందులు ఆగకూడదు

గౌరవనీయ సంపాదకులకు నమస్కారం.

గర్భిణులకు హెచ్‌ఐవీ పరీక్ష చేసి, పాజిటివ్ అని తేలితే వెంటనే చికిత్స మొదలుపెట్టడంలో ఆరోగ్య వ్యవస్థలు చూపే పట్టుదల కాన్పు కాగానే సడలిపోతోందన్న సంగతిని పాఠకుల దృష్టికి తేవాలని ఈ లేఖ రాస్తున్నాను. బిడ్డకు ముప్పు కాన్పుతో తీరిపోదు, పాలు తాగినంత కాలం ఉంటుంది. ఏ చికిత్సా లేకపోతే తల్లి నుంచి బిడ్డకు వైరస్ సోకే అవకాశం 15 నుంచి 45 శాతం దాకా ఉంటుంది. తల్లి హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు క్రమం తప్పక వాడితే, పాలిస్తున్నా అది 5 శాతం లోపుకు తగ్గుతుంది. అందువల్లే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016 మార్గదర్శకాల్లో, మందులు సక్రమంగా వాడేందుకు తగిన తోడ్పాటు ఉన్న తల్లులు మొదటి ఆరు నెలలు చనుబాలు మాత్రమే పట్టి, ఆ తర్వాత అనుబంధ ఆహారంతో పాటు రెండేళ్లు, అంతకుమించి కూడా పాలివ్వవచ్చునని చెప్పింది.

ఆ తోడ్పాటే కరవవుతోంది. పలు దేశాల్లోని 51 అధ్యయనాలను క్రోడీకరించి 2012లో ప్రచురించిన సమీక్షలో, మందులు తగినంతగా వాడినవారు గర్భిణుల్లో సుమారు 76 శాతం ఉండగా, కాన్పు తర్వాత 53 శాతానికి పడిపోయారు. దీన్ని నిర్లక్ష్యమని కొట్టిపారేయడం అన్యాయం. కంటిమీద కునుకు లేని బాలింత, చుట్టూ బంధువులున్న ఇంట్లో, సీసా మీది చీటీ చింపేసి, మాత్రలు గలగలమనకుండా దూది కూరి, ఎవరూ చూడని క్షణం కోసం కాచుకుని మందు వేసుకోవలసి వస్తే, ఏదో ఒక రోజు ఆ క్షణం దొరకకుండానే తెల్లవారుతుంది.

మరో చిక్కు గురించి చెప్పేవారే తక్కువ. ఇప్పుడు ఎక్కువగా ఇస్తున్న హెచ్‌ఐవీ మందు డోలుటెగ్రావిర్‌ను, బాలింతలకు రాసే ఐరన్, కాల్షియం మాత్రలతో కలిపి పరగడుపున వేసుకుంటే మందు ఒంటికి సరిగా పట్టదు. వాటికి రెండు గంటల ముందో, ఆరు గంటల తర్వాతో వేసుకోవాలి. లేదంటే అన్నిటినీ భోజనంతో కలిపి తీసుకోవాలి. మందులిచ్చే కిటికీ దగ్గర ఈ రెండు ముక్కలు చెప్పడానికి ఎంతసేపు పడుతుంది?

అసలు లోపం ఏర్పాటులోనే ఉంది. బిడ్డకు టీకాలు ఒకచోట, తల్లికి మందులు ఇంకొకచోట, అదీ వేరే రోజున ఇస్తుంటే, తల్లి బిడ్డ పనికే వెళుతుంది, తన పని వాయిదా వేసుకుంటుంది. దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో జరిగిన ఒక పరిశోధన ఫలితాలు 2018లో వెలువడ్డాయి. పాలు మాన్పించేదాకా తల్లీబిడ్డలిద్దరికీ ఒకేచోట సేవలందించినప్పుడు, ఏడాది తర్వాత చికిత్సలో కొనసాగుతూ వైరస్ అదుపులో ఉన్న తల్లులు 77 శాతం. కాన్పు కాగానే వేరే కేంద్రానికి పంపిన వారిలో 56 శాతమే. కొత్త మందేమీ అక్కర్లేకుండా, కేవలం చోటు మార్చకపోవడం వల్ల వచ్చిన తేడా ఇది.

కాబట్టి బిడ్డ టీకాల రోజునే తల్లికి మందులివ్వాలి, ఒకేసారి మూడు నెలలకు సరిపడా ఇవ్వాలి. పాలిచ్చే కాలంలో, రక్తంలో వైరస్ ఎంత ఉందో తేల్చే వైరల్ లోడ్ పరీక్షల మధ్య వ్యవధి తగ్గించాలి. మందులు ఆపితే కొద్ది వారాల్లోనే వైరస్ మళ్లీ పెరుగుతుంది కనుక, మాత్రలు మానేసిన తల్లి ఆ సంగతి వెంటనే చెప్పగలగాలి. చీవాట్లు తప్పవని తెలిస్తే ఆమె చెప్పదు. ఆమె చెప్పకపోతే బిడ్డకు అదనంగా ఇవ్వవలసిన రక్షణ మందులూ, చేయవలసిన పరీక్షలూ వేళకు అందవు.

ఇట్లు,
ఒక పాఠకురాలు