దుష్ఫలితాలు తెలుగులో చెప్పాలి

సంపాదకులకు,

డిప్రెషన్‌కు మందులు వాడాలా వద్దా అన్న చర్చ తరచూ వింటున్నాం గానీ, వాడక తప్పనివారికి ఏ మందు ఎందుకు రాశారో వివరించే అలవాటు మాత్రం చాలా చోట్ల కనిపించదు.

రెండేళ్ల కిందట నా భార్యకు ఎస్సిటలోప్రామ్ అనే డిప్రెషన్ మందు రాశారు. మూడో రోజు నుంచి అన్నం ముద్ద చూస్తేనే వికారం. ఈ ఇబ్బంది సాధారణంగా ఒకటి రెండు వారాల్లో తగ్గుతుందనీ, మందు గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలైనా పడుతుందనీ మాకెవరూ చెప్పలేదు. తొమ్మిదో రోజున మిగిలిన షీటు బియ్యం డబ్బా వెనక్కి చేరింది. మూడు నెలల తర్వాత మరో వైద్యురాలు, నిద్రా ఆకలీ రెండూ లేవని విని, రాత్రిపూట వేసుకునే మిర్టాజపిన్ రాస్తూ, "మగతగా ఉంటుందమ్మా, బరువూ పెరగొచ్చు, చెప్పకుండా ఆపేయకండి" అన్నారు. నాలుగు కిలోలు పెరిగింది. ముందే తెలుసు గనుక జాకెట్ల కుట్లు విప్పించుకుందే తప్ప మాత్ర మానలేదు.

అదే మందు, మధుమేహంతో పాటు అధిక బరువూ ఉన్నవారికి సరిపడకపోవచ్చు. 2018లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన విశ్లేషణ 522 ప్రయోగాలను పరిశీలించి, 21 డిప్రెషన్ మందులూ ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగేనని తేల్చింది. వాటిలో వాటికి గుణంలో తేడా అంత పెద్దది కాదు. అందుకే ఎంపిక చాలావరకు దుష్ఫలితాలను బట్టి జరుగుతుంది, వాటిలో ఏది భరించగలరో చెప్పవలసింది రోగే. పెరాక్సెటిన్ వంటివాటితో వచ్చే లైంగిక ఇబ్బందుల గురించి సిగ్గుతో రోగులు అడగరు, వైద్యులు ఎత్తరు. మందు చెప్పాపెట్టకుండా ఆగిపోతుంది. అలా ఒక్కసారిగా ఆపితే తల తిరగడం, చిన్న కరెంటు షాకుల్లాంటి జలదరింపులు రావచ్చు, వాటిని చూసి జబ్బు తిరగబెట్టిందనుకునేవారున్నారు. పెద్ద వయసువారికి రక్తంలో సోడియం తగ్గే ప్రమాదం, పాతికేళ్ల లోపువారిలో తొలి వారాల్లో ఆత్మహత్య ఆలోచనలు పెరిగే అవకాశం ఉన్నాయన్నది ఇంట్లోవారికి తెలియకపోతే కనిపెట్టుకుని ఉండేదెవరు?

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 22వ సెక్షన్, చికిత్స వివరాలనూ తెలిసిన దుష్ఫలితాలనూ రోగికి అర్థమయ్యే భాషలో తెలుసుకునే హక్కుగా రాసిపెట్టింది. రెండు తెలుగు రాష్ట్రాల ఆరోగ్యశాఖలు ఒక్కో మందుకు అరపేజీ తెలుగు కాగితం అచ్చువేయించి, మందుల చీటీతో పాటే ఇప్పించాలి. ఇబ్బంది వస్తే ఎవరికి ఫోన్ చేయాలో అందులో మొదటి వరుసలోనే ఉండాలి. తొమ్మిదో రోజున మేము వెతుక్కున్నది అదే.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి