పైన ఒకటి, కింద ఒకటి

డెట్రాయిట్
నవంబరు 16

అమ్మకు, నాన్నకు నమస్కారాలు.

మేము బాగున్నాం. ఆయన ఉద్యోగం మామూలే, నాదీ మామూలే. సాయంత్రం ఐదు దాటగానే ఇక్కడ చీకటి. చలికి చిట్టిని బయటికి తీసుకెళ్ళలేకపోతున్నాను.

మొన్న ఫోనులో "పిల్లను చెత్తలో కూర్చోబెట్టావేమిటే" అన్నావు. అప్పుడు ఊరుకున్నాను కానీ రాత్రంతా ఆ మాటే మనసులో తిరిగింది. అది చెత్త కాదమ్మా. కార్న్‌ఫ్లేక్స్ అట్టపెట్టెలు, టిష్యూ చుట్టల లోపలి గొట్టాలు, పాత పత్రికలు. శుభ్రంగా ఉన్నవే ఏరి దాస్తున్నాను. నువ్వు చీరల అంచుముక్కలు ట్రంకుపెట్టెలో దాచలేదా? జిగురు కూడా ఇంట్లోదే. రెండు చెంచాల మైదాను చన్నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, సన్నని సెగ మీద చిక్కబడేదాకా తిప్పుతాను. అలా తిప్పుతుంటే మగ్గం మీది పడుగు నూలుకు నువ్వు గంజి కాచిన రోజులే కళ్ళ ముందుకు వస్తాయి. చిట్టి నోట్లో వేలు పెట్టుకున్నా భయం లేదు.

అసలు సంగతి నాన్నకు చదివి వినిపించు. పోయిన ఆదివారం ఒక అట్టను సగానికి మడిచి, అంచు వదిలేసి, వేలెడు ఎడంతో వరసగా కత్తిరించి విప్పాను. అదే పడుగు, నిలువు దారాలన్నమాట. రంగు కాగితం పట్టీలు పేక, అడ్డ దారాలు. "పైన, కింద, పైన, కింద" అంటూ మొదటి పట్టీ దూర్చి చూపించాను. రెండోది చిట్టి దూర్చింది, అదీ పైనుంచే మొదలుపెట్టి. రెండు పట్టీలూ కలిసి జారి ఒళ్ళో పడ్డాయి. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. రెండో దాన్ని కిందినుంచి మొదలుపెట్టి చూసింది. నిలిచింది! అప్పటినుంచి స్నానాల గదిలోనూ మెట్ల మీదా "పైన, కింద" అనుకుంటూ తిరుగుతోంది. తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబు చెప్పే పిల్ల, ఈ రెండు మాటలు మాత్రం తెలుగులోనే అంటోంది. నాకు గొంతు పూడుకుపోయింది.

అన్నయ్య కొడుకు అ, ఆలు దిద్దుతున్నాడనీ, ఇది ఇంకా పెన్సిల్ పట్టదనీ నీ బెంగ. నాకూ ఉండేది. దీనికి నాలుగేళ్ళే కదమ్మా. కత్తెరతో కత్తిరించడం, పిండి పిసకడం, కాగితం చింపడం, వీటితోనే వేళ్ళకు బలం వస్తుందనీ, ఆ తర్వాతే పెన్సిల్ నిలుస్తుందనీ బడిలో టీచరు చెప్పారు. కత్తెర మొనలు మొద్దువే. నేను పక్కనే కూర్చుంటాను.

అక్కడ వాడితో బెండకాయ అచ్చులు వేయించు. తొడిమ వైపు అడ్డంగా కోసి, పసుపు నీళ్ళలో అద్ది కాగితం మీద నొక్కితే పువ్వు పడుతుంది. పప్పులు, గింజలు అతికించే ఆట మాత్రం వద్దు. మీ ఇంట్లో చిన్నదానికి ఏడాదిన్నర కూడా లేదు, గొంతులో అడ్డుపడుతుంది.

మోకాళ్ళ నొప్పికి మందు మానేశావట. వదిన చెప్పింది. మానకు.

టిష్యూ కాగితాన్ని మడిచి, రబ్బరు బ్యాండ్లు చుట్టి, బీట్‌రూట్ రసంలో ముంచాం. విప్పితే మధ్యలో తెల్లని గీత రావాలి కదా, నా ముడి వదులై రంగంతా దూరింది. నాన్న రంగు అంటకుండా నూలును సైకిలు ట్యూబు పట్టీలతో బిగించి చిటికి కడితే ఒక్క చుక్క కూడా దూరేది కాదు. మనం నేసే తేలియా రుమాలు గుడ్డకు నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిదలో నానబెట్టిన రోజుల్లో ఇల్లంతా అదే వాసన. 2020లో అది మన ప్రాంతపు నేతేనని భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చినప్పుడు నాన్న ఫోనులో ఎంతసేపు మాట్లాడాడో! ఆ గొంతు మళ్ళీ వినాలని ఉంది. కంటి ఆపరేషన్ తర్వాత మగ్గం గుంటలోకి దిగలేదని అన్నయ్య చెప్పాడు. నేను నాన్నను అడగలేకపోయాను. అట్ట మీద ఎన్ని పట్టీలు పెడితే బిగువుగా నిలుస్తుందో చిట్టికి వీడియోలో చెప్పమని అడుగు. నేను అడిగితే "నాకేం తెలుసమ్మా" అంటాడు, మనవరాలు అడిగిందంటే కాదనడు.

పెద్దమ్మ కొడుకు డిసెంబరులో బయలుదేరుతున్నాడు. అతనితో నాలుగు రంగుల నూలు చిలపలు, నాన్న పేక దూర్చడానికి వాడిన పాత నాడె ఒకటి పంపు. బరువు ఎక్కువైతే పచ్చడి సీసా తీసేయి, నాడె మాత్రం తీయకు.

మీ చిన్నమ్మాయి